నాలుగు ఇంటిపేర్ల పాట

శ్రోతలకు నమస్కారం.

జర్మనీలో మ్యూనిక్ నగరానికి ఉత్తరాన ఫ్రైజింగ్ అనే చిన్న పట్నం ఉంది. ఓ గుట్ట మీద పాతకాలపు కెథడ్రల్, ఇంకో గుట్ట మీద ప్రపంచంలోకెల్లా పాతదని చెప్పుకునే వైహెన్‌స్టెఫాన్ బీరు కర్మాగారం. ఆ పట్నంలో 1997లో నలుగురు కలిసి ఇంగ్లండ్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ పాటలు వాయించడం మొదలుపెట్టారు. మన పందిళ్ళలో ఆర్కెస్ట్రా వాళ్ళు ఘంటసాల పాటలు పాడతారు చూడండి, అలాగే. డ్రమ్స్ మీద రిసెట్టియో, బాస్ గిటార్ పోస్టల్, గిటార్ వాల్నర్, పాట, కీబోర్డు లాంగ్. ఆ నాలుగు ఇంటిపేర్ల మొదటి అక్షరాలే బృందం పేరు: ఆర్.పి.డబ్ల్యు.ఎల్.

వీళ్ళ సంగీతాన్ని నియో ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. 1970ల్లో పింక్ ఫ్లాయిడ్, జెనెసిస్, యెస్ లాంటి ఇంగ్లండ్ బృందాలు మూడు నిమిషాల పాట హద్దు చెరిపేసి, పావుగంట, ఇరవై నిమిషాలు సాగే పాటలు కట్టాయి. ఆ ఒరవడి సన్నగిల్లిపోయాక, 1980ల మొదట్లో మరిల్లియన్, ఐక్యూ, పెండ్రాగన్ బృందాలు దాన్ని కొత్త కీబోర్డులతో, కొత్త గొంతులతో మళ్ళీ అందుకున్నాయి. ఈ జర్మన్లు ఆ దారిలో ఇంకా వెనక వచ్చినవాళ్ళు. పాడేది కూడా ఇంగ్లీషులోనే.

2000లో సొంత పాటలతో తొలి ఆల్బమ్ తెచ్చారు, ‘గాడ్ హ్యాజ్ ఫెయిల్డ్’. దేవుడు ఓడిపోయాడని పేరు! వింటే పింక్ ఫ్లాయిడ్ ఛాయ స్పష్టంగా తెలుస్తుంది. అనుకరణ అని తీసిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. ఇతరుల పాటలు వాయిస్తూ వీళ్ళు నేర్చుకున్నది రాగాలు కావు, ఓపిక. గిటార్ మీద వాల్నర్ ఒక స్వరం ఎత్తుకుంటే దాన్ని వదలడానికి తొందరపడడు. ఆ స్వరం గాల్లో కరిగిపోయేదాకా ఆగి, అప్పుడు రెండోది. దాని వెనకే లాంగ్ మినీమూగ్ సింథసైజర్ మెల్లగా ఎత్తుకుంటుంది. అలా ఆగగలగడం సులువు కాదు. చాలామంది వాద్యగాళ్ళకు ఖాళీ అంటే భయం.

2005 నాటి ‘వరల్డ్ త్రూ మై ఐస్’లో ‘రోజెస్’ అనే పాటను, జెనెసిస్‌లో పాడిన స్కాట్లండ్ గాయకుడు రే విల్సన్ వచ్చి పాడాడు. ఎవరి ఒరవడిలో పాట నేర్చుకున్నారో ఆ ఇంటివాడే వీళ్ళ పాట పాడటం నాకు చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది. అప్పటికే డ్రమ్మర్ మారాడు, తర్వాత బాస్ కూడా. పేరులోని అక్షరాలు మాత్రం మార్చలేదు. లాంగ్, వాల్నర్ నిలబడ్డారు, 2010లో ఇద్దరూ కలిసి సొంత రికార్డుల కంపెనీ పెట్టుకున్నారు.

2012లో ‘బియాండ్ మ్యాన్ అండ్ టైమ్’ వచ్చింది. జర్మన్ తత్త్వవేత్త నీషే రాసిన జరతుష్ట్ర గ్రంథం దానికి ఆధారం. పన్నెండేళ్ళ కిందట దేవుడి ఓటమి గురించి పాడినవాళ్ళు, దేవుడు మరణించాడన్న ఆ నీషే దగ్గరికి రావడంలో ఆశ్చర్యం లేదు. అందులో నీడ, ఎడారిలోని జ్ఞాని, జాలరి, ఒక్కొక్కరి పేరా ఒక్కో పాట. ‘ది ఫిషర్‌మన్’ ఒక్కటే పదహారు నిమిషాలకు పైగా ఉంటుంది. రాత్రిపూట, దీపం తగ్గించి, మొత్తం ఒక్కసారిగా వినండి.

ఇంత దూరం వచ్చాక కూడా గురువుల్ని మరిచిపోలేదు. పింక్ ఫ్లాయిడ్ 1969లో వేదికల మీద వాయించి, ఆ రోజుల్లో ఆల్బమ్‌గా విడుదల చేయని ‘ది మ్యాన్ అండ్ ది జర్నీ’ని వీళ్ళు తిరిగి వేదిక ఎక్కించి, 2016లో రికార్డుగా తెచ్చారు.

నన్ను ఎక్కువగా పట్టేసింది మాత్రం 2023లో వచ్చిన ‘క్రైమ్ సీన్’. నేరాల మీద పాటలవి. 1922 మార్చి 31 రాత్రి, ఫ్రైజింగ్ ఉన్న బవేరియా రాష్ట్రంలోనే, హింటర్‌కైఫెక్ అనే ఒంటరి పొలం ఇంట్లో ఆరుగురిని ఎవరో చంపేశారు. అందులో పనికి చేరి ఒక్కరోజైనా గడవని పనిమనిషి ఉంది, రెండేళ్ళ పిల్లవాడు ఉన్నాడు. హంతకుడు ఇప్పటికీ దొరకలేదు. ఆ ఇంటిని మరుసటి ఏడే కూలగొట్టారు. లండన్ సంగీతంతో మొదలైన ఫ్రైజింగ్ వాళ్ళు తమ సొంత గడ్డ మీది ఆ చలిరోజును పాటగా కట్టారు.

‘ఎ కోల్డ్ స్ప్రింగ్ డే ఇన్ ట్వెంటీటూ’. ఇప్పుడు ఆ పాట వినండి.