పాత మినీ ట్రాక్టరుకి రోటావేటర్: షాఫ్ట్ రెండుసార్లు కోయాల్సి వచ్చింది

నమస్కారమండి. వెనకాల కనిపిస్తున్నది అమలాపురం దగ్గర మా కొబ్బరి తోట. ఈ బండి మా నాన్నగారు కొన్న 18 హార్స్ పవర్ మినీ ట్రాక్టరు. ఇంజను ఇప్పటికీ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది, అందుకే అమ్మబుద్ధి కాలేదు. దీనికి 3.5 అడుగుల రోటావేటర్, అంటే తిరిగే బ్లేడ్లతో మట్టిని గుల్ల చేసే పనిముట్టు, సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని, బిగించి, ఒక సీజను దున్నాను. పాత బండికి సరిపోతుందా అని చాలామంది అడుగుతున్నారు. సరిపోతుందండి. కానీ బిగించేటప్పుడు ఒక కొలత నేను వదిలేశాను, దానివల్ల పీటీవో, అంటే ఇంజను పవర్‌ని వెనక పనిముట్టుకి అందించే ఇరుసు, దాని సీలు, బేరింగు రెండూ పోయాయి. అది వివరంగా చెప్తాను.

కొనేముందు పీటీవో చూసుకోండి. మా బండి పీటీవోకి 6 స్ప్లైన్లు, అంటే ఇరుసు మీద నిలువు గాళ్లు, స్పీడు నిమిషానికి 540 చుట్లు. రోటావేటర్ గేర్ బాక్సు కూడా 540దే. ఇది కలవకపోతే ధర ఎంత తక్కువైనా వదిలేయండి.

తర్వాత రోటావేటర్‌ని బండికి తగిలించే పిన్నులు. ఈ రోటావేటర్‌ని ఇదివరకు పెద్ద బండికి వాడారు, కింది పిన్నులు 28 మిల్లీమీటర్లవి. మా బండి వెనక ఎత్తే చేతులు, అదే లింకులు, వాటి చివర బాల్ రంధ్రం 22. కొందరు రంధ్రాన్నే పెద్దది చేయించేస్తారు, ఆ పని చేయకండి, బాల్ పలచబడిపోతుంది. నేను పాత పిన్నులు విప్పేసి, లేత్ షాపులో ఈఎన్8 అనే రకం ఉక్కు రాడ్డుతో 22వి చేయించాను. ఒక్క పూటలో అయిపోయింది.

ఇక అసలు సంగతి. మా బండికి ఒకటే క్లచ్. తొక్కితే చక్రాలకీ పీటీవోకీ ఇంజను పవర్ ఒకేసారి ఆగుతుంది. కానీ గేరులో ఉన్నప్పుడు ఆ రెండూ లోపల కలిసే ఉంటాయి. మలుపులో రోటావేటర్ పైకెత్తి క్లచ్ తొక్కానా, తిరుగుతున్న బ్లేడ్ల రోటర్ ఊపు వెనక్కి గేర్ బాక్సులోకి వచ్చి బండినే ముందుకు నెట్టింది. ఎదురుగా బోదె, అదే నీటి కాలువ. బ్రేకు గట్టిగా తొక్కితే ముందు చక్రాలు గట్టు అంచున ఆగాయి. మన తోటల్లో వరసకో బోదె ఉంటుంది, కాబట్టి ఇది చిన్న విషయం కాదండి.

దీనికి మందు ఓవర్ రన్నింగ్ కప్లర్. సైకిల్ ఫ్రీవీల్ లాంటిదే. పెడల్ ఆపినా చక్రం తిరుగుతుంది కదా, అలాగే బండి ఆగినా రోటర్ తనపాటికి తను తిరిగి ఆగుతుంది. పీటీవో మీద ఎక్కించి బిగించాను, నెట్టడం పోయింది. కానీ ఆ కప్లర్ వల్ల పొడవు పెరిగిందన్న సంగతి ఆలోచించలేదు. పీటీవోని రోటావేటర్‌కి కలిపే షాఫ్ట్, ఒక గొట్టంలో ఇంకో గొట్టం జారేది, అంతకుముందు కొలతకి కోసినదే. హైడ్రాలిక్ ఎత్తుతుంటే ఒకచోట టక్‌మని బిగుసుకుంది. గొట్టంలో గొట్టం పూర్తిగా దూరిపోయి, ఇక జరగడానికి చోటులేక పీటీవోని లోపలికి పొడిచిందన్నమాట. మర్నాడు పొద్దున్న బండి కింద నూనె చుక్కలు.

ఒరేయ్ చిన్నా, కెమెరా దగ్గరికి తీసుకురా. ఈ గీత చూడండి. ఇంజను ఆపేసి, కప్లర్ బిగించి ఉంచి, రోటావేటర్‌ని కింది నుంచి పైదాకా కొంచెం కొంచెంగా ఆపుతూ కొలవాలి. పీటీవోకీ గేర్ బాక్సుకీ మధ్య దూరం ఎక్కడ బాగా తగ్గిందో అక్కడ షాఫ్ట్ రెండు ముక్కల్నీ పక్కపక్కన పట్టుకోండి. చివర ఒక అంగుళమైనా ఖాళీ మిగిలేలా గీత గీయండి. లోపలి గొట్టం, బయటి గొట్టం, పైన ప్లాస్టిక్ గార్డు అన్నీ సమానంగా కోయాలి. కోసిన అంచుని ఆకురాయితో నున్నగా రుద్ది, గ్రీజు పెట్టి ఎక్కించండి. అలాగే దూరం ఎక్కువైన చోట కూడా చూడండి, మూడో వంతైనా ఒకదాంట్లో ఒకటి ఉండాలి. రెండు ముక్కల చివర ఉండే యోక్‌లు, అంటే చీలిక కొమ్ములు, ఒకే వరసలో ఉండాలి, లేకపోతే వణుకు వస్తుంది. గార్డు తీసేసి తోలకండి, లుంగీ గానీ తువ్వాలు గానీ చుట్టుకుంటే మనిషి దక్కడు.

బరువు సంగతి. వెనక ఇంత ఇనుము వేలాడితే గట్టు ఎక్కేటప్పుడు ముందు తేలిపోతుంది. ముందు బంపరుకి వెయిట్లు బిగించాను, ఇప్పుడు స్టీరింగు మాట వింటోంది.

పని ఎలా ఉందంటే, జీలుగ, జనుము కలియదున్నడానికి చాలా బాగుంది. మా చెట్ల మధ్య 25 అడుగులు. మొదలు నుంచి 6 అడుగులు వదిలేస్తాను, చెట్టు వేళ్లు ఎక్కువగా అక్కడే ఉంటాయి. మధ్యలో మిగిలిన 13 అడుగులు 4 సాళ్లలో అయిపోతాయి, లోతు 4 అంగుళాలు మించనివ్వను. తుంగ ఉన్న చోట మాత్రం దింపకండి. గడ్డల్ని ముక్కలు చేసి చేనంతా చల్లినట్టు అవుతుంది, నాకు ఒక మూల అలాగే అయింది. అరటి కొట్టేసిన చోట పీచు రోటర్‌కి చుట్టుకుని సీలులోకి దూరుతుంది. రోజూ సాయంత్రం ఇంజను ఆపి, కొడవలితో కోసి తీసేస్తున్నాను.

సరే, ఇప్పుడు స్టార్ట్ చేస్తాను. బోదె దగ్గరికి తీసుకెళ్లి, రోటావేటర్ ఎత్తి, క్లచ్ తొక్కుతాను. చక్రం మీద సున్నంతో గుర్తు పెట్టాను, అక్కడే చూడండి... ఇదిగో, చక్రం ఆగింది. వెనక రోటర్ ఇంకా తిరుగుతోంది.