పాత రాస్‌ప్‌బెర్రీ పై బోర్డులో సీరియల్ పోర్టు ఎవరి చేతిలో ఉంది?

అందరికీ నమస్కారం. ఒడియా మీడియంలో చదువుతూ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. అందుకే తెలుగులోనే చెబుతాను. కంప్యూటర్ మాటలు మాత్రం వాటి పేర్లతోనే ఉంటాయి.

మన రాయగడ, గుణుపురం వైపు పత్తి బండి కాటా ఎక్కగానే ఇండికేటర్ మీద ఎర్ర అంకెలు వెలుగుతాయి. గుమాస్తా చూసి చీటీ రాస్తాడు. ఆ ఇండికేటర్ వెనక చాలాసార్లు తొమ్మిది పిన్నుల సాకెట్ ఒకటి దుమ్ము పట్టి ఉంటుంది. అదే ఆర్‌ఎస్232 సీరియల్ పోర్టు. తూకం అందులోంచి అక్షరాలుగా బయటికొస్తుంది. దాన్ని పాత రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు చేత చదివిద్దాం. కొత్త బోర్డు అక్కర్లేదు, 2012 నాటి మోడల్ బి అయినా ఈ పనికి ఎక్కువే.

ముందు వైర్లు. పై బోర్డులో 8వ పిన్ను పంపుతుంది, 10వది అందుకుంటుంది, 6వది గ్రౌండు. ఇవి 3.3 వోల్టుల పిన్నులు. ఇండికేటర్ లైను మాత్రం ప్లస్‌కీ మైనస్‌కీ ఊగుతుంది. నేరుగా కలిపితే బోర్డు పోతుంది. మధ్యలో మాక్స్3232 చిప్ ఉన్న కన్వర్టర్ పెట్టాలి. షాపులో మాక్స్232 ఇచ్చి 'రెండూ ఒకటే' అంటే ఒప్పుకోకండి. అది 5 వోల్టులది, పై పిన్ను అంత తట్టుకోదు.

అసలు చిక్కు ఆ తర్వాత. వైర్లు సరిగ్గానే ఉంటాయి, ప్రోగ్రాంకి మాత్రం సగం అక్షరాలు అందవు. ఎందుకంటే పై బోర్డు మీద నడిచే రాస్పియన్ అనే లినక్స్ పాత వెర్షన్లలో, ఆ పోర్టును లినక్స్ ముందే తన కన్సోల్‌గా, అంటే సందేశాలు చూపి ఆదేశాలు తీసుకునే చోటుగా, పట్టుకుని కూర్చుంటుంది. బూట్ సందేశాలన్నీ ఆ లైను మీదకే పోతాయి. తర్వాత గెట్టీ అనే ప్రోగ్రాం వచ్చి లాగిన్ అడుగుతుంది. మన కాటా తూకం పంపితే, ఎవరో యూజర్ పేరు కొడుతున్నారనుకుని మింగేస్తుంది!

కాబట్టి రెండు చోట్ల ఖాళీ చేయించాలి. బూట్ ఫోల్డర్‌లోని సీఎండీలైన్ ఫైల్లో 'కన్సోల్=టీటీవైఏఎంఏ0,115200' ముక్క తీసేయాలి. ఆ ఫైలంతా ఒకే లైను, మధ్యలో ఎంటర్ కొట్టొద్దు. ఇక గెట్టీ. వీజీ అనే పాత రాస్పియన్ రోజుల్లో ఇనిట్‌ట్యాబ్‌లో గెట్టీ లైను ముందు హ్యాష్ పెడితే సరిపోయేది. 2015లో జెస్సీ అనే తర్వాతి వెర్షన్ వచ్చాక, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో గెట్టీ సర్వీసు ఆపాల్సి వచ్చింది. టెన్షన్ వద్దనుకుంటే రాస్పీ-కాన్ఫిగ్ అనే సెట్టింగుల మెనూకి వెళ్లండి. లాగిన్ షెల్ అడిగితే వద్దనండి, హార్డ్‌వేర్ పోర్టు అడిగితే కావాలనండి.

2016లో వచ్చిన పై 3 దగ్గర ఇంకో మెలిక ఉంది. పీఎల్011 అనే మంచి పోర్టును బ్లూటూత్‌కి ఇచ్చేసి, మన పిన్నులకు మినీ యూఏఆర్‌టీ అనే బక్క పోర్టును మిగిల్చారు. దాని వేగం చిప్ కోర్ క్లాక్‌ని బట్టి మారుతుంది, సెకనుకు 9600 బిట్ల వేగం కాస్తా ఇంకేదో అయి కూర్చుంటుంది. బూట్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫైల్లో 'ఎనేబుల్_యూఏఆర్‌టీ=1' రాస్తే క్లాక్ 250 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగి ఆ బాధ తీరుతుంది. పారిటీ, అంటే తప్పు పట్టుకోవడానికి చేర్చే అదనపు బిట్, మాత్రం దానికి రానే రాదు. కొన్ని ఇండికేటర్లేమో 7 బిట్లు, ఈవెన్ పారిటీతో పంపుతాయి. కాటా దగ్గర బ్లూటూత్‌తో ఎవరికి పని? నా మాట వింటే అదే ఫైల్లో 'డీటీఓవర్లే=పీఐ3-డిసేబుల్-బీటీ' రాసి మంచి పోర్టును వెనక్కి తెచ్చుకోండి.

కాటా దగ్గరికి వెళ్లేముందు 8, 10 పిన్నులను జంపర్‌తో కలిపి మినికామ్ అనే సీరియల్ టెర్మినల్ ప్రోగ్రాం తెరవండి. అందులో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆఫ్ చేయాలి, లేకపోతే ఎంత కొట్టినా ఏమీ రాదు. కొట్టిన అక్షరం తిరిగొస్తే పోర్టు మీదే. పర్మిషన్ లేదంటే మీ యూజర్‌ని డయలౌట్ గ్రూపులో చేర్చండి. వేగం, పారిటీ ఎంతో ఇండికేటర్ మాన్యువల్ చూసి పెట్టండి, ఊహించి పెట్టొద్దు.

ఇండికేటర్ ఆగకుండా పంపుతుంటే, ప్రోగ్రాం మొదలయ్యేసరికి మొదటి లైను సగంలో తెగి ఉండొచ్చు. 12450 కిలోల బండి 450గా కనిపిస్తుంది. ఆ లైను పారేసి రెండోదాని నుంచి చదవండి. లేకపోతే రైతు ఊరుకోడు.