హెడ్ గ్యాస్కెట్ మార్చే ముందు బ్లాక్, హెడ్ శుభ్రం చేయడం ఎలా?

నమస్తే అండీ. ఇంజన్ పైభాగం, అంటే హెడ్ విప్పేశాం. దానికీ కింద సిలిండర్లుండే బ్లాక్‌కీ మధ్య సీలులా ఉండే పాత గ్యాస్కెట్ తీసేశాం. ఇదిగో, బ్లాక్ మీద ఇంకా నల్లటి పెచ్చులు అంటుకునే ఉన్నాయి చూడండి. కొత్త గ్యాస్కెట్ చేతిలో ఉంది కదా అని ఇప్పుడే పరిచేయకండి. ఈ వీడియో మొత్తం శుభ్రం చేసే పని గురించే.

ముందు చేయకూడనిది చెప్తాను. చాలామంది ఎయిర్ గ్రైండర్‌కి గరుకు డిస్కు తగిలించి గిర్రున తిప్పేస్తారు. రెండు నిమిషాల్లో బ్లాక్ తళతళలాడిపోతుంది. దయచేసి ఆ జోలికి పోకండి. అలాంటి డిస్కుల్లో ఎక్కువగా ఉండేది అల్యూమినియం ఆక్సైడ్. మోస్ స్కేలు మీద వజ్రం కాఠిన్యం 10 అయితే, దీనిది 9. డిస్కు అరిగేకొద్దీ దాని నుంచి పొడి రాలుతుంది. ఆ పొడి ఆయిల్ దారుల్లోకి జారి, మెత్తటి క్రాంక్ బేరింగుల్లో గుచ్చుకుని ఉండిపోతుంది. ఇక క్రాంక్ తిరిగినంతసేపూ గీరుతూనే ఉంటుంది. ఫిల్టర్ ఉంది కదండీ అంటారు. ఫిల్టర్ కొంత ఆపుతుంది, బాగా సన్నటి పొడి దాన్ని దాటిపోతుంది. ఇలాంటి డిస్కులు వాడొద్దని జనరల్ మోటార్స్ సర్వీస్ బులెటిన్ కూడా ఇచ్చింది. ఇంకో నష్టం ఏంటంటే, అల్యూమినియం హెడ్ మీద డిస్కు ఒక్కచోట కాసేపు నిలబడితే అక్కడ పల్లం పడుతుంది. చూపుకి ఆనదు కానీ గ్యాస్కెట్ అక్కడ సరిగా పట్టదు.

సరే, పనిలోకి వద్దాం. మొదట రంధ్రాలన్నీ మూసేయాలి. సిలిండర్లలో శుభ్రమైన గుడ్డలు కుక్కండి. కూలెంట్ దారులకి, ఆయిల్ దారులకి టేపు వేయండి. గుడ్డలు ఎన్ని పెట్టారో లెక్క రాసుకోండి, ఒక్కటి లోపల మిగిలిపోయినా ప్రమాదమే. పిస్టన్ చుట్టూ అంచున కాస్త గ్రీజు రాస్తే, రాలిన చెత్త రింగుల వైపు పోకుండా అందులోనే అంటుకుంటుంది. తర్వాత దాన్ని జాగ్రత్తగా తుడిచేయాలి. వెట్ లైనర్ ఇంజన్ అయితే, అంటే సిలిండర్ గొట్టాలు (లైనర్లు) విడిగా ఉండి వాటి చుట్టూ కూలెంట్ తగిలేది అయితే మాత్రం హెడ్ లేనప్పుడు క్రాంక్ తిప్పకండి. లైనర్లు పైకి లేచి కింద సీళ్ళు పోతాయి.

ఇప్పుడు గ్యాస్కెట్ రిమూవర్ స్ప్రే కొట్టండి. చేతులకి గ్లోవ్స్, కళ్ళకి అద్దాలు తప్పనిసరి, కిటికీలు తలుపులు తెరిచి ఉండాలి. డబ్బా మీద ఎంతసేపు ఆగమన్నాడో అంతసేపూ ఆగండి. ఈ ఓపిక లేకే చాలామంది గ్రైండర్ పడతారు. పెచ్చు మెత్తబడ్డాక ప్లాస్టిక్ స్క్రేపర్‌తో తోయండి. చాలావరకు వచ్చేస్తుంది, మొండిగా మిగిలిన చోట మళ్ళీ స్ప్రే కొట్టండి.

బ్లాక్ కాస్ట్ ఐరన్ అయితే బ్లేడు వాడొచ్చు. కెమెరా దగ్గరికి తెస్తున్నాను, చూడండి. బ్లేడు దాదాపు పడుకోబెట్టి పట్టుకున్నాను, మొత్తం అంచు లోహానికి ఆనుకుని ఉంది. సర్రుమని ఒకే తీరుగా చప్పుడు వస్తోంది కదా, అలా వస్తే సరిగా పోతున్నట్టు. ఎక్కడైనా టక్కుమని ఆగిందా, బ్లేడు మూల లోహంలోకి దిగుతోందని అర్థం. బలం పెట్టకుండా వెనక్కి తీసి, ఇంకో వైపు నుంచి రండి. అల్యూమినియం మీద మాత్రం ప్లాస్టిక్‌తోనే కానివ్వండి, ఆలస్యమైనా పర్లేదు. సిలిండర్ అంచు నుంచి నీటి దారి దాకా ఒక్క గీత పడితే చాలు, కంప్రెషన్ అటు దారి వెతుక్కుంటుంది. ఇప్పుడు వచ్చే మల్టీ లేయర్ స్టీల్ గ్యాస్కెట్లకి పాత వాటికన్నా నున్నటి ఉపరితలం కావాలి, అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

తర్వాత బోల్టు రంధ్రాలు. వీటిని చాలామంది వదిలేస్తారు. అడుగు మూసుకుపోయిన రంధ్రంలో ఆయిలో కూలెంటో నిలిచి ఉంటే, బోల్టు దిగేటప్పుడు ఆ ద్రవానికి పోయే చోటుండదు. ఆ ఒత్తిడికి బ్లాక్ పగలొచ్చు. పగలకపోయినా, బిగింపు బలం కొలిచే టార్క్ రెంచి తప్పు లెక్క చూపిస్తుంది, హెడ్ మాత్రం బిగిసి ఉండదు. థ్రెడ్ చేజర్ తిప్పి మురికి తీయండి. కొత్త మరలు కోసే ట్యాప్ వద్దు, అది ఉన్న మరని కూడా కోసేస్తుంది. ఆ తర్వాత గుడ్డ అడ్డం పెట్టి ఎయిర్ గన్‌తో ఊదండి.

ఇప్పుడు సమతలం చూడాలి. స్ట్రెయిట్ ఎడ్జ్‌ని, అంటే వంకర లేని లోహపు పట్టీని నిలువుగా, అడ్డంగా, రెండు మూలల మధ్య ఐమూలగా పెట్టి, కింద సందు కొలిచే సన్నటి రేకు, ఫీలర్ గేజ్ దూర్చి చూడండి. చాలా ఇంజన్లలో 0.05 మిల్లీమీటర్ల దగ్గరే పరిమితి మొదలవుతుంది, కానీ మీ ఇంజన్ మాన్యువల్‌లో ఉన్న అంకెనే లెక్కలోకి తీసుకోండి. అది దాటితే ఎంత రుద్దినా లాభం లేదు, హెడ్‌ని మెషిన్ షాపుకి పంపాల్సిందే.

అంతా బాగుంటే వ్యాక్యూమ్‌తో చెత్త లాగేసి, టేపులు, గుడ్డలు లెక్కపెట్టి బయటికి తీయండి. నూలుపోగులు రాలని గుడ్డని బ్రేక్ క్లీనర్‌తో తడిపి, బ్లాక్, హెడ్ రెండూ తుడవండి. గుడ్డకి నలుపు అంటనంతవరకూ తుడుస్తూనే ఉండాలి. ఇక అక్కడ చెయ్యి పెట్టకండి, వేలి జిడ్డు కూడా వద్దు. క్లీనర్ పూర్తిగా ఆరాక కొత్త గ్యాస్కెట్ పొడిగానే పెట్టండి. మాన్యువల్ చెప్పిన చోట తప్ప సీలెంట్ రాయకూడదు.

హెడ్ విప్పి తీసేటప్పుడు ఎంత జాగ్రత్తపడినా కొంత కూలెంట్ సంపులోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి పోతుంది. కాబట్టి ఇంజన్ స్టార్ట్ చేయకముందే పాత ఆయిల్ దించేసి, కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేయండి. బోల్టులు ఏ వరుసలో, ఎంత టార్క్‌తో బిగించాలో వచ్చే వీడియోలో చేసి చూపిస్తాను.