హీత్‌క్లిఫ్ లవర్ కాదు బాబూ, తాకట్టు వ్యాపారి!

మళ్ళీ వదరింగ్ హైట్సేనా అని తిట్టుకోకండి, ఇది వేరే గొడవ. సినిమాలో హీత్‌క్లిఫ్‌గా జేకబ్ ఎలోర్డీని పెట్టారు, తెల్లోణ్ణి పెట్టారు అని మనం తెగ కొట్టేసుకున్నాం కదా, కరెక్టే, 1847లో వచ్చిన ఎమిలీ బ్రాంటీ నవల్లో వాడు నల్లగా జిప్సీలా ఉంటాడనే ఉంది, ఒకాయనైతే లాస్కర్ పిల్లోడేమో అంటాడు. లాస్కర్ అంటే ఎవరనుకున్నారు? మనవైపు నుంచి ఇంగ్లీషోళ్ళ ఓడల్లో పనికెళ్ళిన కళాసీలు! ఆ ముక్క చదివి పుస్తకం మూసేసి గోడకేసి చూస్తూ కూర్చున్నా నేను. సరే, అది ఇంకో వీడియో.

నా గొడవ ఏంటంటే, అందరూ దీన్ని లవ్ స్టోరీ లవ్ స్టోరీ అంటారేంటి? ఇది తాకట్టు కథ. తా-క-ట్టు.

లివర్‌పూల్ వీధుల్లో దొరికిన అనాథ, తెచ్చుకున్న పెద్దాయన పోగానే కొడుకు హిండ్లీ వీణ్ణి పాలేరుని చేశాడు, చదువు ఆపేశాడు. వీణ్ణి చేసుకుంటే నా పరువు పోతుందని హిండ్లీ చెల్లెలు, వీడు ప్రేమించిన కేథరీన్ అంటుంటే చాటు నుంచి విని వెళ్ళిపోయాడు, ఇదంతా మీకు తెలిసిందే. కానీ ఆ సీన్‌లోనే ఆవిడ ఇంకో మాట కూడా అంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. పొరుగు ఎస్టేట్ డబ్బున్నోడు ఎడ్గార్‌ని చేసుకుంటే ఆ డబ్బుతో హీత్‌క్లిఫ్‌ని పైకి తీసుకురావచ్చట! మొగుడి డబ్బుతో ప్రియుడికి సెటిల్‌మెంట్! వీడేమో అది వినకుండా తనే డబ్బు కోసం పోయాడు. అంటే ఇద్దరూ ఒకే లెక్క వేశారు, ముందు డబ్బు, ప్రేమ సంగతి తర్వాత చూద్దాం అని.

మూడేళ్ళకి దొరబాబులా దిగాడు. ఆ డబ్బు ఎక్కడిదో నవల్లో ఒక్క ముక్క లేదు, ఫ్యాన్స్ సైన్యం అంటారు, బానిసల ఓడలంటారు, నాకనవసరం. ఆ డబ్బుతో ఏం చేశాడో చూడండి. కేథరీన్‌కి అప్పటికే పెళ్ళయిపోయింది, మరి వెనక్కి పోవాలిగా? పోలేదు! తాగుబోతు హిండ్లీ ఇంట్లోనే దిగి, పేకాటలో వాడికి అప్పులిచ్చి భూమంతా తాకట్టు పెట్టించుకున్నాడు. వాడు పోగానే ఇల్లు వీడిది, హిండ్లీ కొడుకు హేర్టన్ సొంతింట్లోనే చదువురాని పాలేరు. అచ్చం తనకి చేసిందే! హిండ్లీ పోకముందే ఎడ్గార్ చెల్లెలు ఇసబెల్లాని లేపుకెళ్ళాడు, ప్రేమతో అనుకుంటున్నారా? ఆపైన చావుకి దగ్గరపడ్డ సొంత కొడుక్కి కేథరీన్ కూతుర్ని గదిలో బంధించి మరీ కట్టబెట్టాడు, ఎందుకంటే అప్పటి ఇంగ్లండ్ చట్టంలో పెళ్ళైతే భార్య నగానట్రా డబ్బూ మొగుడివి. కొడుకు అవన్నీ తండ్రికి రాసిచ్చి పోయాడు. హిండ్లీదీ ఎడ్గార్‌దీ రెండు ఎస్టేట్లూ వీడి చేతిలో. ఇది లవరా, రియల్ ఎస్టేటా?

కేథరీన్ ఏమైంది? వీడు తిరిగొచ్చిన కొద్ది నెలలకే కూతుర్ని కని చచ్చిపోయింది.

తిట్టేవాళ్ళు కామెంట్లో తిట్టండి గానీ ఈ సీన్ గుర్తు తెచ్చుకుని తిట్టండి. పద్దెనిమిదేళ్ళ తర్వాత ఎడ్గార్‌కి గొయ్యి తవ్వుతున్న వాడితో కేథరీన్ పెట్టె తెరిపించి, ఒక పక్క చెక్క వదులు చేసి, రేపు నన్ను పాతేటప్పుడు ఇది లాగేయ్, నా పెట్టె చెక్క కూడా తీసెయ్ అని వాడికి లంచమిస్తాడు. అంత ఆస్తీ పెట్టుకుని ప్రేమ కోసం వీడు పెట్టిన ఖర్చు అదొక్కటే.