పంపు తిరుగుతోంది సరే, నీళ్లు పోతున్నాయా?

సరంగులకు, డ్రైవర్లకు, కలాసీలకు, బోటు యజమానులకు నమస్కారం. వేట నిషేధం నడుస్తోంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా దొరికే ఈ 61 రోజుల్లో ఇంజను విప్పుతాం, అడుగు గీకి రంగు వేస్తాం, వలలు బాగుచేసుకుంటాం. బోటు అడుగున చేరిన నీటిని బయటికి తోడే బిల్జి పంపు దగ్గరికొచ్చేసరికి మాత్రం స్విచ్చి వేసి, గుర్రుమంటే చాలు బాగుందనుకొని వదిలేస్తాం. ఆ చప్పుడును నమ్మొద్దని చెప్పడానికే ఈ ప్రసంగం. మోటారు తిరుగుతూనే చుక్క నీరు బయటికి పంపని పంపులు చాలానే ఉంటాయి.

ముందు డబ్బా మీది అంకె సంగతి చూద్దాం. మన ఫైబర్ బోట్లలో ఎక్కువగా వాడేవి నీళ్లలో మునిగి పనిచేసే 12 వోల్టుల పంపులు. వాటి మీద 500, 800, 1100, 2000 జీపీహెచ్ అని ఉంటుంది. అంటే గంటకు అన్ని గ్యాలన్లు. అమెరికా గ్యాలను 3.785 లీటర్లు కాబట్టి 1100 పంపు అంటే గంటకు దాదాపు 4160 లీటర్లు. ఈ లెక్క పైపు లేకుండా, ఎత్తు లేకుండా, బ్యాటరీ నిండుగా ఉండగా తీసినది. బోటులో నీరు మీటరుకు పైగా ఎక్కాలి, రెండు మూడు వంపులు తిరగాలి. అప్పుడు చేతికొచ్చేది 2500 నుంచి 2700 లీటర్లు. పంపు కొనేటప్పుడు డబ్బా అంకెలో మూడో వంతుకు పైగా కొట్టేసి చూసుకోండి.

ఎందుకంటే ఎదుటి లెక్క పెద్దది. నీటి మట్టానికి అర మీటరు కింద 25 మిల్లీమీటర్ల కన్నం పడితే నిమిషానికి 55 లీటర్ల దాకా, గంటకు 3300 లీటర్లు లోపలికి వస్తాయి. అంటే ఒక పైపు ఊడిపోతే చాలు, 1100 పంపు ఒక్కటే ఓడిపోతుంది. పంపు కన్నం మూసేదాకా సమయం సంపాదించి పెడుతుంది, అంతే. అందుకే నీటి మట్టానికి కింద ఉన్న ప్రతి గొట్టానికీ సరిపోయే మెత్తని చెక్క బిరడా ఒకటి, ఆ గొట్టం పక్కనే తాడుతో కట్టి ఉంచాలి.

మీ పంపు అసలు ఎంత తోడుతోందో తెలుసుకోవడానికి 20 లీటర్ల బకెట్టు, సెల్‌ఫోనులో గడియారం చాలు. అడుగున నీళ్లు పోసి, పైపు బయటి మూతి దగ్గర, అదే ఎత్తులో బకెట్టు పట్టండి. 1100 పంపు అరనిమిషంలో నింపాలి. ముప్పావు నిమిషం దాటిందంటే ఎక్కడో తేడా ఉంది. కొత్త పంపు బిగించిన రోజునే ఎన్ని సెకన్లు పట్టిందో క్యాబిను గోడ మీద పెయింటుతో రాసుకోండి. తర్వాత ఎప్పుడు అనుమానం వచ్చినా ఆ అంకెతో పోల్చుకోవచ్చు.

తేడా ఎక్కడుందో వెతకడం అడుగు నుంచి మొదలుపెట్టాలి. ఈ పంపుల జాలీ కింద ఒక క్లిప్పుతో ఉంటుంది. రెండు పక్కలా నొక్కితే మోటారు పైకి వచ్చేస్తుంది. లోపల కనిపించేవి చేప పొలుసులు, థర్మోకోల్ ముక్కలు, గుడ్డ పీచు, అన్నిటికన్నా ప్రమాదకరమైనది తంగూసు, అంటే నైలాను వల దారం. వల ముక్క ఒకటి ఇంపెల్లరు, అంటే నీటిని నెట్టే రెక్కల చక్రం, ఇరుసుకు చుట్టుకుంటే అది తిరుగుతూ తిరుగుతూ సీలును కోస్తుంది. సీలు పోయాక మోటారులోకి ఉప్పునీరు దిగుతుంది. ఇంపెల్లరు చుట్టూ తుప్పు రంగు మరక కనబడితే ఆ మోటారు పని అయిపోవచ్చినట్లే. ఇవి విప్పి బాగుచేసే మోటార్లు కావు, సీలు చేసినవి. జాలీ ఉంచి మోటారు కార్ట్రిడ్జి ఒక్కటే మార్చుకునే రకం కొంటే ఖర్చు తగ్గుతుంది. ప్రతి వేటకు ముందు జాలీ తీసి కడగడానికి రెండు నిమిషాలు పట్టదు. గట్లకు, అంటే అడుగున అడ్డంగా ఉండే పక్కటెముకలకు, నీరు పారడానికి వదిలిన కన్నాల్లోనూ పుల్ల పెట్టి తిప్పండి. అవి మూసుకుపోతే ముందు గదిలో నీరు నిలిచిపోతుంది, వెనకున్న పంపుకు ఆ సంగతే తెలియదు.

పంపును అడుగుకు బిగించేటప్పుడు స్క్రూ తిన్నగా ఫైబరులోకి దింపొద్దు. చిన్న చెక్క బిళ్లను రెజిన్‌తో అతికించి, స్క్రూలు ఆ బిళ్ల మందంలోనే ఆగేలా చూసుకోవాలి. నీళ్లు తోడడానికి పెట్టిన పంపే బోటుకు కన్నం పెట్టడం కన్నా పిచ్చి పని ఉండదు.

ఇక పైపు. లోపల నున్నగా ఉన్న గొట్టమే వాడాలి. చవగ్గా దొరికే మడతల గొట్టం వంగడానికి బాగుంటుంది గానీ, ఆ మడతలే నీటిని ఆపుతాయి, మురికీ వాటిలోనే చేరుతుంది. పంపు మూతికి ఎంత వ్యాసం ఉందో బయటిదాకా అంతే ఉండాలి. 1100 పంపుకు సాధారణంగా 28, 29 మిల్లీమీటర్లు. మధ్యలో సన్నని కప్లింగు వేస్తే పంపు తోడే నీరు సగానికి పడిపోతుంది. పంపు నుంచి పైపు ఎక్కడా కిందికి జారకుండా పైకే వెళ్లాలి. మధ్యలో పొట్టలా వేలాడితే అక్కడ నీరు నిలుస్తుంది, దానికీ పంపుకూ మధ్య గాలి చిక్కుతుంది. ఈ పంపులు గాలిని నెట్టలేవు. మోటారు మామూలు కన్నా తేలిగ్గా, సన్నగా మోగుతుంది, నీరు మాత్రం రాదు. చాలామంది ఆ పంపును పారేసి కొత్తది కొంటారు. కొత్తదీ అలాగే మోగుతుంది.

బయటి మూతి నిండు బరువుతో బోటు దిగినప్పటి నీటి మట్టానికి కనీసం 30 సెంటీమీటర్ల పైన ఉండాలి. ఐసూ డీజిలూ నింపుకొని బయల్దేరినప్పుడు, చేప నింపుకొని తిరిగొచ్చేటప్పుడు మట్టం ఎక్కడుందో గీత గీసుకొని కొలవండి. ఒక పక్కనుంచి వల లాగేటప్పుడు బోటు వాలుతుంది. ఆ వాలులో మూతి మునిగితే, పంపు ఆగి ఉన్నప్పుడు సముద్రం అదే గొట్టంలోంచి లోపలికి పారడం మొదలుపెడుతుంది. అందుకే గొట్టాన్ని మొదట డెక్కు బల్ల అంచు కింద దాకా ఎత్తి, అక్కడ గాలి పీల్చే చిన్న వాల్వు పెట్టి, తర్వాత మూతికి దించుతారు. పైపు పైకే వెళ్లాలన్నది ఆ ఎత్తుదాకా ఉన్న నియమం.

ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. 29 మిల్లీమీటర్ల గొట్టం మూడు మీటర్లుంటే దానిలో రెండు లీటర్ల నీరు పడుతుంది. పంపు ఆగగానే అదంతా వెనక్కి వస్తుంది. అడుగు గుంట ఇరుకైతే ఆ రెండు లీటర్లకే ఫ్లోటు, అంటే నీటితోపాటు తేలి పంపును దానంతటదే నడిపే స్విచ్చి, మళ్లీ లేచి పంపు మళ్లీ మొదలవుతుంది. తెల్లారేదాకా అలా ఆడి బ్యాటరీ తినేస్తుంది. దీనికి మందుగా నాన్ రిటర్న్ వాల్వు, అంటే నీటిని ఒక వైపుకే పోనిచ్చే వాల్వు, వేసే అలవాటు ఉంది. మా సలహా, వేయొద్దు. పొలుసు అడ్డుపడి అది మూసుకుపోయిన రోజున పంపు ఉండీ లేనట్లే. ఫ్లోటును రెండు మూడు సెంటీమీటర్లు పైకి జరపండి, పైపు పొట్టిగా చేయండి, చాలు.

కరెంటు తీగ దగ్గర కాస్త ఆగుదాం. పంపు చెడిందని తెచ్చేవాటిలో తప్పు తీగలోనే ఉండడం తరచూ చూసేదే. 1100 పంపు 3 నుంచి 4 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి పంపు 5 మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ 10 మీటర్ల తీగ. 1 చదరపు మిల్లీమీటరు తీగ వేస్తే దారిలోనే 0.7 వోల్టు పోతుంది. 2.5 తీగకు 0.3 మాత్రమే. ఇళ్లకు వాడే మామూలు రాగి తీగ ఉప్పుగాలికి లోపల్లోపలే నల్లబడుతుంది. తగరం పూత ఉన్నది తీసుకోండి. అతుకు మెలిపెట్టి టేపు చుడితే ఆ టేపే తడిని లోపల పట్టి ఉంచుతుంది, కొన్నాళ్లకు పచ్చని చిలుము. క్రింపు కొట్టి, లోపల జిగురున్న ష్రింకు గొట్టం తొడిగి వేడిచేయాలి. అతుకు నీటికి అందనంత పైన ఉండాలి.

మల్టీమీటరు ఉంటే పంపు తిరుగుతుండగా దాని తీగల దగ్గరే వోల్టేజి చూడండి. బ్యాటరీ దగ్గర 12.6 ఉండి ఇక్కడ 11.5 కన్నా తక్కువుంటే తీగో, అతుకో, స్విచ్చో తింటోంది. వోల్టేజి సరిగా ఉండి ఆంపియర్లు మామూలు కన్నా ఎక్కువైతే ఇంపెల్లరుకు ఏదో చుట్టుకుంది లేదా మోటారులో నీరు చేరింది. ఆంపియర్లు బాగా తగ్గి మోటారు తిరుగుతుంటే గాలి చిక్కింది, లేదా ఇంపెల్లరు ఇరుసు మీద జారుతోంది. అసలు ఆంపియర్లే లేకపోతే ఫ్యూజు, స్విచ్చి, బ్రష్షులు. ప్లస్సూ మైనస్సూ తారుమారైతే ఇంకో వింత. పంపు వెనక్కి తిరుగుతుంది, కొద్దిగా నీరు వస్తుంది కూడా. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

ఫ్యూజు విలువ పంపు మీదే రాసి ఉంటుంది. దాన్ని బ్యాటరీ ప్లస్సుకు దగ్గరగా, జానెడు లోపే పెట్టాలి. ఇంపెల్లరు ఇరుక్కుపోయినప్పుడు మోటారు లాగే కరెంటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఫ్యూజుకు సిగరెట్టు పెట్టె రేకు చుట్టిన బోటులో ఆ వేడి తీగను కాలుస్తుంది, పక్కనే డీజిలు ట్యాంకు. ఆటోమేటిక్ ఫ్లోటు స్విచ్చికి వెళ్లే తీగ మెయిన్ స్విచ్చిని తప్పించి, ఫ్యూజు గుండా బ్యాటరీకే కలవాలి. లంగరేసి మెయిన్ ఆపేసి ఇంటికెళ్లిన రాత్రే కదా దాని అవసరం. 80 ఆంపియర్ అవర్ బ్యాటరీలో సగం వాడుకున్నా 4 ఆంపియర్ల పంపు 10 గంటలు నడుస్తుంది.

ఫ్లోటును వేలితో లేపి పంపు తిరిగిందని సరిపెట్టుకోకండి. వేలితో లేపితే స్విచ్చి సంగతే తెలుస్తుంది, ఫ్లోటు తేలుతుందో లేదో తెలియదు. గ్రీజు పట్టి బరువెక్కిన ఫ్లోటు నీళ్లలో లేవదు. నీళ్లు పోసి చూడండి.

కరెంటు లేనప్పటికి చేతి పంపు ఉండాలి. డయాఫ్రం రకం మంచిది, చిన్న చెత్తను మింగేస్తుంది. లోపల రబ్బరు డయాఫ్రం, రెండు ఫ్లాపు వాల్వులు. అంతకు మించి ఏమీ లేదు. పీల్చే మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి పిడి లాగండి. చెయ్యి గట్టిగా అతుక్కోవాలి. అతుక్కోకపోతే ఫ్లాపు కింద పొలుసు ఉంది, లేదా డయాఫ్రం రింగు దగ్గరి మడతలో చీలింది. పంపు దగ్గర అతుక్కొని, గొట్టం చివర అతుక్కోకపోతే క్లిప్పులు గాలి తీస్తున్నాయి. స్టీలు క్లిప్పులు కొనేటప్పుడు అయస్కాంతం తీసుకెళ్లండి. పట్టీ మంచిదే ఉంటుంది, స్క్రూ మాత్రం ఇనుముది పెడతారు, ముందు తుప్పు పట్టేది అదే.

ఇన్‌బోర్డు ఇంజను బోట్లలో బెల్టుతో తిరిగే రబ్బరు ఇంపెల్లరు పంపులుంటాయి. అవి పొడిగా నిమిషం తిరిగినా రెక్కలు కాలిపోతాయి, కాబట్టి నీరు తోడగానే క్లచ్చి తీసేయాలి. అడుగు నీళ్లలో డీజిలు కలుస్తుంది గనుక నియోప్రీన్ ఇంపెల్లరు ఉబ్బుతుంది. నైట్రైల్ అడిగి తీసుకోండి. బిగించేటప్పుడు గ్లిజరిన్ రాయండి, మామూలు గ్రీజు వద్దు. ఇదే పంపుకు సముద్రం నీరు, అడుగు నీరు రెండూ మార్చుకునే వాల్వు ఉంటే, అడుగు వైపు గొట్టానికి నాన్ రిటర్న్ వాల్వు తప్పనిసరి. ఇందాక వద్దన్నది ఇక్కడ కావాలి. అది లేక, వాల్వు మధ్యలో నిలిచిపోతే సముద్రం ఆ దారినే బోటులోకి దిగుతుంది.

పంపు రోజూ ఎక్కువసేపు తిరుగుతుంటే నీరెక్కడిదో చూడాలి. షాఫ్టు గ్లాండు, అంటే ప్రొపెల్లరు ఇరుసు బోటు బయటికి వెళ్లే చోటి బిగింపు, దగ్గర తిరిగేటప్పుడు కొన్ని చుక్కలు పడటం మంచిదే, షాఫ్టు చల్లగా ఉంటుంది. సెకనుకో చుక్క ఆగకుండా పడితే రోజుకు నాలుగు లీటర్ల పైమాటే. నట్టు ఒకేసారి బిగించేస్తే గ్లాండు తాడు కాలి షాఫ్టు మీద గాడి పడుతుంది. పావు చుట్టు చొప్పున బిగించి, నడిపి చూసి, మళ్లీ బిగించాలి. ఐసు కరిగిన నీరు ఇంజను గదిలోకి రాకూడదు, దానిలోని జిగురూ పొలుసులూ పంపు జాలీని గంటలో మూసేస్తాయి. చేపల గదికి వేరే గుంట ఉండాలి. ఇంజను కింద ట్రే పెట్టి, నూనె తేలితే పీల్చే గుడ్డతో ముందు తీసేశాకే పంపు వేయండి. హార్బరులో నూనె నీళ్లు వదలడం ఎలాగూ తప్పు, ఆ నూనె మీ రబ్బరునూ తింటుంది.

బోటులో ఉంచుకోవాల్సినవి: ఒక మోటారు కార్ట్రిడ్జి, సరైన విలువ ఫ్యూజులు నాలుగు, ఒక ఫ్లోటు స్విచ్చి, ఒక డయాఫ్రం, రెండు ఫ్లాపులు, క్లిప్పులు ఆరు, రెండు మీటర్ల తీగ. అన్నీ మూత బిగుసుకునే డబ్బాలో, ఎండ తగలని చోట. ఇప్పుడు ఈ బల్ల మీదున్న పంపు విప్పుదాం. మీ బోటు పంపు తెచ్చినవాళ్లు ముందుకు రండి, బకెట్టు ఇక్కడే ఉంది.