చిప్ పుట్టే చోటే చూసుకోండి

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఐటీఐ పిల్లలున్నారు, వెనక షెడ్ల యజమానులున్నారు, ఆ పక్కన నాతో కలిసి పనిచేసిన టర్నర్లున్నారు. మార్చి 4 జాతీయ భద్రతా దినం కదా, నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను చిప్స్ గురించే మాట్లాడతాను. డ్రిల్ వేసినా, లేత్ మీద జాబ్, అంటే కోసే లోహపు ముక్క, తిప్పినా మన కాళ్ల దగ్గర పోగయ్యే ఆ ఇనుప చుట్టల గురించి.

నా కుడిచేతి చూపుడు వేలు చివరి కణుపు వంగదు. పంతొమ్మిదేళ్లప్పుడు, అప్రెంటిస్‌గా ఎంఎస్, అంటే మైల్డ్ స్టీల్, రాడ్ టర్నింగ్ చేస్తున్నాను. చిప్ తెగకుండా పొడుగ్గా వచ్చి టూల్ బిగించే టూల్ పోస్టుకి చుట్టుకుంది. మిషన్ ఆపితే టైమ్ పోతుందని, బనియన్ వేస్టుతో, అంటే మిషన్ తుడిచే గుడ్డపేలికతో, పట్టుకుని లాగాను. దాని రెండో కొస తిరిగే జాబ్‌కి తగులుకుంది. వేస్టుతోపాటు చెయ్యీ లోపలికి పోయింది. వేలి నరం తెగిందని అందరూ అన్నారు. నరం కాదు, వేలిని వంచే టెండన్ అని డాక్టరు చెప్పారు. కుట్టారు గానీ కణుపు మళ్లీ వంగలేదు.

చెయ్యి పెట్టడమే నా తప్పని చాలా ఏళ్లు అనుకున్నాను. పని బాగా తెలిశాక అర్థమైంది, ఆ తప్పు అంతకు పది నిమిషాల ముందు, ఫీడ్, అంటే ఒక్కో చుట్టుకి టూల్ ముందుకు జరిగే దూరం, మరీ తక్కువ పెట్టినప్పుడే మొదలైందని.

ఇది కాస్త వివరంగా చెబుతాను. పోత ఇనుము పెళుసు, దానంతటదే రజనుగా రాలిపోతుంది. ఎంఎస్ అలా కాదు, సాగుతుంది. ఫీడ్ తక్కువైతే చిప్ పలచగా వస్తుంది. పలచటి రేకు ఎంత వంచినా విరగదు, రిబ్బన్‌లా వస్తూనే ఉంటుంది. ఫీడ్ పెంచితే చిప్ మందమవుతుంది, గట్టిగా చుట్టుకుని టూల్‌కో జాబ్‌కో కొట్టుకుని తునిగిపోతుంది. హెచ్ఎస్ఎస్ (హైస్పీడ్ స్టీల్) టూల్ అయితే అంచు వెనక చిన్న మెట్టు గ్రైండ్ చేసుకోండి, అదే చిప్ బ్రేకర్. కార్బైడ్ ఇన్సర్టుకి, అంటే టూల్ కొనకి బిగించే రెడీమేడ్ ముక్కకి, అలాంటి గాడి ముందే ఉంటుంది. కానీ ఏ ఫీడ్‌కి చేశారో ఆ ఫీడ్‌లోనే అది పనిచేస్తుంది. ఇన్సర్ట్ ఖరీదైనదని ఫీడ్ తగ్గించి నడిపితే గాడి ఉన్నా లేనట్టే.

డ్రిల్లింగ్‌లోనూ ఇదే సంగతి. 10 ఎంఎం హెచ్ఎస్ఎస్ డ్రిల్, ఎంఎస్ మీద నిమిషానికి 25 మీటర్ల కటింగ్ స్పీడు అంటే సుమారు 800 ఆర్‌పీఎం. ఆ స్పీడులో భయంభయంగా నొక్కితే రెండు పొడుగు తీగలు లేచి గిరగిరా కొరడాల్లా తిరుగుతాయి. నిలకడగా నొక్కండి, మధ్యమధ్య హ్యాండిల్ నొక్కడం ఒక్క క్షణం ఆపండి, చిప్ అక్కడే తెగుతుంది. రంధ్రం లోతు డ్రిల్ సైజుకి మూడింతలు దాటితే డ్రిల్ పైకి తీసి, చిప్స్ రాల్చి, మళ్లీ దించండి. డ్రిల్‌కున్న రెండు గాడుల్లో ఒకదాంట్లోంచే చిప్ వస్తుంటే రెండు అంచులూ సమానంగా లేవన్నమాట. అలా నడపకండి, మళ్లీ సానబెట్టండి.

ఇక యజమానులతో ఒక మాట. గ్లవ్స్ ఇచ్చాం కదా అంటారు. స్పిండిల్, అంటే జాబ్‌నో డ్రిల్‌నో తిప్పే ఇరుసు, తిరుగుతున్నంతసేపు గ్లవ్స్ వద్దండీ. గ్లవ్ దారం ఒక్కటి చిక్కినా చెయ్యి మొత్తం లోపలికి పోతుంది. స్పిండిల్ పూర్తిగా ఆగాక మందపాటి గ్లవ్స్ వేసుకుని, హుక్‌తో లాగాలి, బ్రష్‌తో ఊడ్వాలి. ఆ హుక్ పిడి వేలు దూరే రింగులా ఉండకూడదు. చిక్కితే వదిలెయ్యగలిగేలా ఉండాలి.

ఎయిర్ గన్‌తో ఊదే అలవాటు చూస్తే నాకు నిజంగా భయం. మన కంప్రెసర్లు 7, 8 బార్ ఒత్తిడి మీద ఉంటాయి. శుభ్రం చేసే గాలి 30 పీఎస్ఐ, అంటే దాదాపు 2 బార్ దాటకూడదని అమెరికా నియమం. అది కూడా చిప్స్ ఎగరకుండా అడ్డూ, కళ్లకు రక్షణా ఉంటేనే. మీరు ఊదిన రజను పక్క మిషన్ దగ్గరున్న అబ్బాయి కంట్లో పడుతుంది.

కంట్లో ఇనుప రేణువు గుచ్చుకుంటే గంటల్లోనే చుట్టూ తుప్పు మరక మొదలవుతుంది. అగ్గిపుల్లతోనో రుమాలు కొసతోనో స్నేహితుడి చేత తీయించుకోకండి. నలపకుండా నేరుగా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. చూపు కళ్లజోడు సేఫ్టీ గాగుల్స్ అవ్వదు, పక్కల నుంచి వచ్చేదాన్ని ఆపదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 35వ సెక్షన్ కళ్ల రక్షణ కోసం పెట్టారు. ఇంకోటి గుర్తుపెట్టుకోండి. ఎప్పుడైనా కంట్లో ఇనుము పడి ఉంటే, ఎంఆర్ఐ తీయించుకునే ముందు అక్కడివాళ్లకి తప్పకుండా చెప్పండి. లోపల ముక్క మిగిలి ఉంటే ఆ అయస్కాంతం దాన్ని కదిలిస్తుంది.

నీలం రంగు తిరిగిన చిప్ సుమారు 300 డిగ్రీల వేడి చూసినట్టు లెక్క. చెప్పులతో నిలబడ్డవాళ్ల వేళ్ల మధ్య పడుతుంది, కాబట్టి బూట్లు వేసుకోండి. ఆ బూట్లు షెడ్‌లోనే వదలండి, బూట్ల అడుగున గుచ్చుకున్న ముక్కలు ఇంట్లో పాకే పిల్లల మోకాళ్లకి గుచ్చుకుంటాయి. సందుల్లోని రజనుకి అయస్కాంతానికి పాలిథిన్ కవర్ చుట్టి తిప్పండి, కవర్ తిరగేస్తే అంతా అందులోనే ఉంటుంది. తడి చిప్స్ పెద్ద గుట్టగా పోసి ఉంచితే తుప్పు పడుతూ లోపల వేడెక్కుతాయి. నూనె వేస్టు వాటితో కలపకండి.

ఈ బల్ల మీద 10 ఎంఎం డ్రిల్, ఎంఎస్ ఫ్లాట్ బిగించి ఉంచాను. గాగుల్స్ పెట్టుకుని నలుగురు నలుగురుగా రండి. స్పీడు మార్చను, ఫీడ్ మాత్రమే మారుస్తాను. చిప్ ఎక్కడ తెగుతుందో మీ కళ్లతో చూడండి.