ఇటుకల ఊళ్లో డీజే

అందరికీ నమస్కారం. డీజే అనగానే మనకు గుర్తొచ్చేది నిమజ్జనం రోజు వ్యాను మీద పేర్చిన బాక్సులు, గడగడలాడే కిటికీ అద్దాలు. ఇవాళ వాటిని పక్కన పెట్టి, బెల్జియంలోని ఒక చిన్న ఊరి సంగతి చెబుతాను.

ఊరి పేరు బోమ్. ఇంగ్లీషు అక్షరాల్లో చూసినవాళ్లు 'బూమ్' అని చదివి, పాటల మోత వల్లే ఆ పేరొచ్చిందేమో అనుకుంటారు. డచ్ భాషలో ఆ మాటకు చెట్టు అని అర్థం, అంతే! బ్రస్సెల్స్‌కీ ఆంట్వెర్ప్‌కీ మధ్య, రూపెల్ నది ఒడ్డున ఉంటుంది. జనాభా సుమారు 20 వేలు.

వందల ఏళ్లు ఆ ఊరికి కూడు పెట్టింది ఇటుక. బంకమట్టి తవ్వాలి, అచ్చు పోయాలి, ఆరబెట్టాలి, కాల్చాలి. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ మట్టిపొరను 'బోమ్ క్లే' అనే పిలుస్తారు. బట్టీలు ఒక్కొక్కటిగా చల్లారాక ఊరికి మిగిలినవి గుంటలు. వాటిలో కొన్ని డె స్కోరె అనే పార్కు అయ్యాయి. 2005లో టుమారోలాండ్ అనే డీజే పాటల పండగ మొదలైంది ఆ పార్కులోనే. ఇప్పుడు జులైలో రెండు వారాంతాలకు దాదాపు 4 లక్షల మంది వస్తున్నారు.

నన్ను పట్టి ఆపింది ఈ లెక్క కాదు, ఆ నేల. మెయిన్ స్టేజీ ముందు నేల వాలుగా ఉంటుంది, ఎంత వెనక నిలబడినా స్టేజీ కనిపిస్తుంది. ఇటుక కోసం తవ్విపోసిన ఎత్తుపల్లాలే ఇప్పుడు గ్యాలరీ. అంటే పాట వచ్చి ఊరి పాత గుర్తింపును చెరిపేయలేదు, ఆ గుంటలోనే కూర్చుంది.

అయితే పేరు ఎవరికొచ్చింది? వచ్చేవాళ్లు 'టుమారోలాండ్‌కి వెళ్తున్నాం' అంటారు, 'బోమ్‌కి' అనరు. మోత, ట్రాఫిక్ టెన్షన్ మాత్రం ఊరివాళ్లవే. 2025 జులై 16న, పండగకు రెండు రోజుల ముందు మెయిన్ స్టేజీ కాలిపోయింది. పొగ ఊరి మీదే కమ్మింది. 18న పండగ మొదలైంది, ఆపలేదు.

ఆ పార్కులో 2014లో కట్టిన చెక్క వంతెన ఒకటుంది, ఆర్నే క్విన్జె అనే కళాకారుడిది. దాని పలకల మీద 2 లక్షలకు పైగా సందేశాలు చెక్కారు. పండగ రోజులు పోను పార్కు అందరిదీ. నవంబరు చలిలో కుక్కను తిప్పడానికి వచ్చిన స్థానికుడు, ఏ దేశం వాడో రాసుకున్న ప్రేమకబురు మీద బురద బూట్లతో నడుచుకుంటూ ఇంటికి పోతాడు.